కింది వరసలో ఫొటో

చనిపోయినవాళ్ల గురించి ఎల్లాజీకి మూడు సంగతులు చాలు. ఫొటో, పేరు, తేదీ. నాలుగోది అడగక్కర్లేదు, వాళ్లే చెబుతారు. "గుండెపోటు అని రాయండి" అంటారు. ఎల్లాజీ రాస్తాడు. ఆ మాట కొట్టీ కొట్టీ అతని కంప్యూటరు మొదటి అక్షరం పడగానే మిగతాది తనే అందిస్తుంది.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర సందులో ఉంటుంది అతని ఫ్లెక్స్ దుకాణం. పెళ్లాం పేరు మీద 'ఈశ్వరి డిజిటల్స్'. డిజైను ఎల్లాజీది, ప్రింటింగు మిషను ఈశ్వరిది. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, సిరిమాను పండక్కి నాయకుల నమస్కారాలు అన్నీ వేస్తారు గాని దుకాణాన్ని నిలబెట్టింది చావులే. పెళ్లిళ్లకి మూఢం వస్తుంది. చావుకి మూఢం లేదు.

శ్రద్ధాంజలి ఫ్లెక్సుకి ఒక పద్ధతుంది. పైన గుండ్రంలో పోయినవాడు, వెనక మబ్బులు, అటూ ఇటూ దీపాలు, ఒక పావురం. కింద వరసగా మిత్రబృందం ఫొటోలు. పైవాడితో ఏ ఇబ్బందీ లేదు. ఏ ఫొటో వేసినా ఊరుకుంటాడు. తంటా అంతా కింది వరసతోనే. నల్లకళ్లద్దాల ఫొటో కావాలంటాడు ఒకడు, బుల్లెట్ బండి మీద కూర్చున్నది కావాలంటాడు ఇంకొకడు. ఓసారి ఒక కుర్రాడు "అన్నా, నా ఫొటో కొంచెం పెద్దది సెయ్యవా" అని ప్రాణం తీస్తే, "నువ్వు పైకెల్లినప్పుడు పెద్దదే సేస్తాను, అందాకా ఆగు" అన్నాడు ఎల్లాజీ. కుర్రాళ్లంతా నవ్వారు. అడిగినవాడు కూడా నవ్వాడు.

ఫ్లెక్సులు రాకముందు ఎల్లాజీ కుంచె పట్టినవాడు. రేకు బోర్డుల మీద బొమ్మలు వేసేవాడు. ఆ రోజుల్లో అతని దగ్గరికొచ్చే పోయినవాళ్లంతా ముసలివాళ్లు. తెల్లమీసాలు వెయ్యడం తేలిక. తర్వాత లారీ డ్రైవర్లు రావడం మొదలైంది. కలకత్తా, మద్రాసు లైన్లో తిరిగేవాళ్లు నిద్ర రాకుండా బిళ్లలు వేసుకునేవారు. ఎల్లాజీ 'అప్పా' అని పిలిచే అక్క లక్ష్మణమ్మ మొగుడు గణపతిరావు కూడా అదే లైను. ఇంటికొచ్చినప్పుడల్లా మీసం దువ్వుతూ చెప్పేవాడు: "ఒక్క బిళ్ల ఏసీసి ఒరిస్సా మొత్తం దాటీసినాను బావా. కన్ను మూస్తే ఒట్టు." ఒక పొద్దున ఆ కన్ను మూశాడు. లారీని ధాబా ముందు పద్ధతిగా ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, దిగి, మంచం మీద వాలి మళ్లీ లేవలేదు. ఆ బోర్డు ఎల్లాజీయే వేశాడు. నల్లమీసం, ఖాకీ చొక్కా, కింద 'గుండెపోటుతో స్వర్గస్థులైనారు' అని ఎర్రరంగుతో. అప్పటికి లక్ష్మణమ్మ కొడుకు ఉమాశంకర్ ఇంకా పాలు మానలేదు.

డ్రైవర్ల తర్వాత సముద్రం మీద వేటకెళ్లేవాళ్లు వచ్చారు. భావనపాడు నుంచి దానమ్మ అనే చేపలమ్ముకునే ఆవిడ బస్సెక్కి తమ్ముడి ఫొటో పట్టుకొచ్చింది. గుజరాత్ వెళ్లి బోటెక్కినవాడు.

"వల లాగినంతసేపు నిద్దర రాకండా ఏదో బిళ్ల ఇస్తారంట బాబూ. నిద్దరే నేకండా పని సేసినాడంట. తరవాత పడుకున్నాడంట. ఎంత నేపినా నెగనేదంట," అంది. ఫొటో బల్ల మీద పెట్టి, "గుండెపోటని రాసీ," అంది.

ఇదీ అబద్ధం కాదు. ఎవరికైనా ఆఖర్న ఆగేది గుండే. రైలు కింద పడ్డవాడికీ ఆగేది గుండే. అందుకని ఎల్లాజీ ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. ఏళ్లు గడిచాయి. పై గుండ్రంలో తెల్లమీసాలు పోయి నల్లమీసాలు వచ్చాయి, ఇప్పుడు మీసం సరిగా మొలవని మొహాలు వస్తున్నాయి. వీళ్లు జిమ్ముల వాళ్లు, ఆర్మీకి పరుగు నేర్చుకునేవాళ్లు. ఈ చుట్టుపక్కల జిల్లాల్లో తెల్లారకుండా రోడ్డెక్కితే లారీల కన్నా పరిగెత్తే కుర్రాళ్లే ఎక్కువ. ఈ కుర్రాళ్లకి బిళ్ల పాతబడిపోయింది. ఇప్పుడు సూది. ఆపరేషన్ బల్ల మీద రోగికి బీపీ పడిపోతే డాక్టరు పక్కనే నిలబడి చూసుకుంటూ ఎక్కించే మందు అది. బీపీకి ఏ లోటూ లేని కుర్రాడు, గోతాం మోసి మేడెక్కగలిగినవాడు, దాన్ని పరుగు కోసం పొడుచుకుంటున్నాడు.

పృథ్వీరాజ్ అనేవాడి జిమ్ము నెల్లిమర్ల రోడ్డులో ఉంది. లక్ష్మణమ్మ ఊరికి దగ్గర. అందులో చేరిన మురళీమోహన్ పోయినేడు చనిపోయాడు. ఆ ఫ్లెక్సు కింది వరసలో నల్లకళ్లద్దాలతో రమేష్‌బాబు ఉన్నాడు. ఈ ఏడు రమేష్‌బాబు పోయాడు. ఎల్లాజీ పాత ఫైలు తెరిచి, అదే నల్లకళ్లద్దాల మొహాన్ని కింది వరసలోంచి తీసి పై గుండ్రంలో పెట్టాడు. మనిషిని మళ్లీ వెతుక్కోవాల్సిన పని లేకుండా పోయింది.

పెద్దకర్మ ఫ్లెక్సు ఆర్డరివ్వడానికి పృథ్వీరాజే వచ్చాడు. బిగుతు బనీను, మెడలో గొలుసు.

"అన్నా, కింద మా జిమ్ము పేరు, ఫోన్ నంబరు కూడా ఎయ్యి."

"సచ్చిపోనోడి కింద ఫోన్ నంబరేటిరా?"

"పబ్లిసిటీ కాదన్నా, నివాళి. ఎవలికైనా ఓదార్సాలనిపిస్తే ఫోన్ సేస్తారు గదా." కాస్త ఆలోచించి, "అడ్మిషన్లు జరుగుతున్నాయి అని సిన్న అచ్చరాల్తో ఎయ్యి, పెద్దవొద్దు," అన్నాడు.

ఎల్లాజీ వెయ్యలేదు. పృథ్వీరాజ్ పట్టుబట్టలేదు. వెళ్తూ వెళ్తూ, "కింద వరస ఫొటోలు ఉమాశంకర్ తెస్తాడు," అని చెప్పి పోయాడు.

ఆ మాటకి ఎల్లాజీ చేతిలో టీ అలాగే చల్లారిపోయింది.

మధ్యాహ్నం మేనల్లుడు రానే వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కాళ్లు నేల మీద నిలవడం లేదు. దవడలు ఆడిస్తున్నాడు, నోట్లో ఏమీ లేదు.

"మావా, నా ఫొటో మాత్రం రన్నింగ్ డ్రెస్సుది వెయ్యి. ఎడం పక్క మొదటిది నాదే ఉండాలి. రమేష్ గాడికీ నాకూ బాగా దోస్తీ."

"రాత్రి పడుకున్నావేటి?"

"నిద్దరెందుకు మావా. ఆర్మీ రేలీ దగ్గరికొచ్చీసింది."

"సూదేసుకుంతన్నావు గదరా."

"ప్రోటీన్ మావా."

"ప్రోటీన్‌కి కళ్లు గిర్రున తిరుగుతాయేటి? రమేష్ గాడు కూడా ప్రోటీన్‌తోటే పోనాడేటి?"

ఉమాశంకర్ కాసేపు గోడ మీదున్న వినాయకుణ్ణి చూశాడు. "అందరూ ఏసుకుంతన్నారు మావా. నానొక్కడినే ఒట్టి కాళ్లతో పరిగెడితే ఆకర్న మిగిలిపోతాను. వొయసు దాటిపోతాది. ఇదే కడాకరి ఛాన్సు. రేలీ అయిపోగానే మానీస్తాను."

వాళ్ల నాన్న కూడా ఈ ట్రిప్పు అయిపోగానే మానేస్తాననేవాడు. ఎల్లాజీ ఆ సంగతి పైకి అనలేదు. అప్పకి ఫోన్ చేసి చెప్పాడు. "నా కొడుకు కాపీ కూడా తాగడు, నువ్వు ఊరుకో," అని పెట్టేసింది లక్ష్మణమ్మ.

చెప్పి లాభం లేదని అతను తనకొచ్చిన పనే చేశాడు. రమేష్‌బాబు ఫైలుని కాపీ చేసి, కింది వరస చెరిపేసి, పై గుండ్రంలో రన్నింగ్ డ్రెస్సు ఫొటో పెట్టాడు. చి. ఉమాశంకర్. కన్నీటి శ్రద్ధాంజలి. కంప్యూటరు అందించిన గుండెపోటుని ఉంచేశాడు. మర్నాడు కుర్రాణ్ణి పిలిచి తెర మీద చూపించాలని, అది చూసైనా బెదురుతాడని అతని ఆలోచన. ఫైలుని సేవ్ చేసి భోజనానికి వెళ్లాడు.

సేవ్ చేసింది ప్రింటు ఫోల్డరులో. ఆ దుకాణంలో పని విభజన గట్టిది. ఆ ఫోల్డరులో ఏముంటే అది ఈశ్వరి ప్రింటు తీస్తుంది. మొహాలు చూడదు. రంగు కారుతోందా, అంచు తిన్నగా వస్తోందా అనేదే చూస్తుంది. ఆ మధ్యాహ్నం రెండు శ్రద్ధాంజలులు తీసి, అంచులకి రింగులు కొట్టి, ఒకే చుట్టగా చుట్టి, దాని మీద ఊరి పేరు రాసి పెట్టింది. ఫ్లెక్సులు కట్టే అప్పలసూరి తెల్లారకుండా వచ్చి చుట్ట పట్టుకుపోయాడు. అప్పలసూరి ఆ వేళకే మందులో ఉంటాడు. నిచ్చెన ఎక్కాక తాడు తప్ప ఇంకేమీ చూడడు. చుట్టలో రెండున్నాయి, రెండూ కట్టాడు.

పొద్దున్న పళ్లు తోముకుంటుంటే ఎల్లాజీకి ఫోన్ వచ్చింది. పృథ్వీరాజ్.

"అన్నా, ఉమా ఫ్లెక్సు మీద మా జిమ్ము పేరు ఎయ్యనేదు గదా?"

"ఏ ఉమా?"

"మీ ఉమాయేనన్నా. జంక్షన్లో కట్టీసినారంట, కుర్రోలు ఫోన్ సేసినారు. అన్నా, ఆడు రెన్నెల్లయి మా జిమ్ముకి రావట్లేదు. ఎవలైనా అడిగితే అలగే సెప్పు."

ఎల్లాజీ నోట్లో నురగతో అలాగే నిలబడిపోయాడు. ఒక నిమిషం పాటు నిజంగానే మేనల్లుడు పోయాడనుకున్నాడు. తర్వాత ఫైలు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఇంకోటి గుర్తొచ్చింది. ఎలా పోయాడని పృథ్వీరాజ్ అడగలేదు. అయ్యో అనలేదు. ఈ చావు వస్తుందని ఎదురు చూస్తున్నవాడిలా మాట్లాడాడు.

"ఈశ్వరీ, నిన్న ఎన్ని తీసినావు?"

"ఫోల్డర్లో ఉన్నన్ని," అంది ఈశ్వరి వంటింట్లోంచి.

ఎల్లాజీ మొహం కడక్కుండానే స్కూటరు తీశాడు.

లక్ష్మణమ్మ ఊరి జంక్షన్లో జనం మూగి ఉన్నారు. కరెంటు స్తంభానికి ఒక పక్క రమేష్‌బాబు, ఇంకో పక్క ఉమాశంకర్. పనితనం మాత్రం బాగుంది, మబ్బులు నిజం మబ్బుల్లా ఉన్నాయి. జిమ్ము కుర్రాళ్లు ముందు నిలబడి సెల్‌ఫోన్లలో తమ ఫొటోలు వెతుక్కుంటున్నారు. ఈ ఫ్లెక్సులో కింది వరస ఖాళీగా ఉంది మరి. జనం వెనకాల, టోపీ మొహం మీదికి దించుకుని, చెమటతో తడిసిన బనీనులో ఉమాశంకర్ నిలబడి ఉన్నాడు. పరుగు ముగించి వచ్చి తన చావు తనే చూసుకుంటున్నాడు. ఎల్లాజీ పిలవబోతే వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. కుర్రాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"అనుకున్నదే అయినాది. నిన్న సాయంత్రం కూడా ఏసుకున్నాడు."

"నాను వొద్దన్నాను."

"నువ్వేగదేటి తెచ్చిచ్చినావు."

"ఆ మాట మళ్లీ అనకు. అక్కడ రాసున్నాది సూడు. గుండెపోటు."

తర్వాత ఒకడు మెల్లగా అన్నాడు. "రేలీకని ఆడు కొత్త బూట్లు కొన్నాడు. ఒకసారైనా ఏసుకున్నాడో నేదో."

"నీ సైజేనేటి?"

"ఇంచుమించు."

"నీది ఎనిమిది," అన్నాడు ఉమాశంకర్ వెనకనుంచి. "నాది తొమ్మిది. జారిపోతాది."

బూట్ల మీద కన్నేసినవాడు అరవలేదు, పారిపోలేదు. ఉన్నచోటే కూలబడి రమేష్‌బాబు ఫ్లెక్సుకి దండం పెట్టడం మొదలెట్టాడు. మిగతావాళ్లు కాలవ గట్టు మీదుగా పొలాల్లోకి పడ్డారు. ఆ రోజు వాళ్లు పరిగెత్తిన వేగం ఆర్మీవాళ్లు చూస్తే అందర్నీ అక్కడికక్కడే తీసుకునేవారు, ఏ సూదీ లేకుండా.

ఉమాశంకర్ నవ్వుతాడనుకున్నాడు ఎల్లాజీ. నవ్వలేదు. స్తంభాన్ని ఆనుకుని కూర్చున్నాడు. "ఒక్కడూ ఎలగ పోనాడని అడగనేదు మావా," అన్నాడు. "ఒక్కడికీ ఆచ్చెర్యమే నేదు."

అప్పుడొచ్చింది లక్ష్మణమ్మ. ఉడుపుల్లోంచి ఎవరో పిలిస్తే వచ్చింది. మోకాళ్ల దాకా బురద, చేతిలో నారుకట్ట వదలకుండా ఉంది. జనం దారిచ్చారు. ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకోబోయి, కొడుకు స్తంభం మొదట్లో కూర్చుని ఉండటం చూసి నోళ్లు మూసుకున్నారు. లక్ష్మణమ్మ కొడుకుని చూసింది. దగ్గరికెళ్లి, తడి చెయ్యి వాడి గుండె మీద వేసి, కొట్టుకుంటోందో లేదో చూసుకుంది. కొట్టుకుంటోంది. మామూలు కన్నా గట్టిగా కొట్టుకుంటోంది. తర్వాత తల పైకెత్తి ఫ్లెక్సు చూసింది.

"అప్పా, తప్పయిపోనాది. బెదిరిద్దామని సేసినాను, ఈశ్వరి సూడకుండా..." అని ఎల్లాజీ మొదలెట్టాడు.

"ఆ ముక్క ఎందుకు రాసినావు?"

"ఏ ముక్క?"

నారుకట్టతో చూపించింది. లక్ష్మణమ్మకి చదువు రాదు. కాని ఇంట్లో గోడకున్న రేకు బోర్డుని ఇన్నేళ్లు తుడిచీ తుడిచీ ఆ ఒక్క మాట ఆకారం ఆమెకి కంఠతా వచ్చేసింది.

"ఈడి నాన్నకీ అదే రాసినావు. నాకు తెల్దనుకున్నావేటి? శవాన్ని ఇంటికి తెచ్చినాక, పోలీసులు రాకముందే ఆ సొక్కా జేబులో బిళ్లలు నానే తీసి పొయ్యిలో పారీసినాను. పరువు పోతాదని. నువ్వు ఎర్రరంగు ఎట్టి రాసినావు. అది సూసుకునే ఈడు పెరిగినాడు. మా నాన్నకి గుండె బాగోనేదు, నాకు బాగున్నాది అనుకుంతన్నాడు."

ఉమాశంకర్ తలెత్తాడు. వాడికి ఇది కొత్త సంగతి.

"బిళ్లలేటమ్మా?"

లక్ష్మణమ్మ కొడుకు చెంప మీద ఒకటి ఇచ్చింది. పక్కనే ఉన్నాడని తమ్ముడికీ ఒకటి ఇచ్చింది. నారు బురద ఇద్దరి మొహాలకీ అంటింది. "అప్పలసూరిని పిలు. ఇది దింపించు. నాకు కావాలి," అంది.

ఊరి పెద్దలు సలహాలిచ్చారు. బతికున్నవాడికి చావు వార్త వస్తే ఆయుష్షు పెరుగుతుందని ఒకరు, అలా వదిలెయ్యకూడదు, శ్రీకూర్మం తీసుకెళ్లి దర్శనం చేయించాలని ఇంకొకరు. లక్ష్మణమ్మ రెండింటికీ తలూపింది. ఇంటికెళ్లి మాత్రం కొడుకు సంచీ దులిపింది. దొరికిన సీసాలన్నీ రోకలితో చితక్కొట్టింది. ర్యాలీకి వెళ్లొద్దనలేదు. "ఎల్లు. నీ కాళ్లెంతవరకూ పోతే అంతవరకూ ఎల్లు," అంది.

పెరట్లో స్నానాలగదికి తలుపు లేదు, పాత గోనె వేలాడేది. ఆ గోనె తీసేసి ఫ్లెక్సు కట్టింది. బొమ్మ లోపలివైపుకి. ఆ రోజునుంచి ఉమాశంకర్ నెత్తిన నీళ్లు పోసుకున్నప్పుడల్లా ఎదురుగా మబ్బుల్లో తనే, పక్కన పావురం.

నెల తిరక్కుండా పృథ్వీరాజ్ మళ్లీ దుకాణానికి వచ్చాడు. ఈసారి 'మత్తు వద్దు, పరుగే ముద్దు' అని పెద్ద ఫ్లెక్సు, తన ఫొటో చేతులు కట్టుకుని నిలబడ్డది. పోలీసులు జిమ్ముల చుట్టూ తిరుగుతున్నారని ఊరంతా అనుకుంటున్న రోజులవి.

"కింద వరసలో మన కుర్రోల ఫొటోలు ఎయ్యన్నా. నీ దగ్గరున్నాయి గదా."

"ఉన్నాయి," అన్నాడు ఎల్లాజీ.

వేశాడు. మురళీమోహన్, నల్లకళ్లద్దాల రమేష్‌బాబు, ఇద్దరే. ఆ కింద, వాడు అప్పుడెప్పుడో అడిగినట్టే, అడ్మిషన్లు జరుగుతున్నాయి అని చిన్న అక్షరాలతో. అప్పలసూరి ఏమీ చూడకుండా జిమ్ము ముందే కట్టాడు. సాయంత్రానికి తల్లులు కొందరు వచ్చి తమ కొడుకుల్ని చేతులు పట్టుకుని లాక్కెళ్లారు. పృథ్వీరాజ్ షట్టరు దించేశాడు. కొన్నాళ్లకి రెండు వీధుల అవతల వేరే పేరుతో ఎత్తాడు. ఆ బోర్డు ఎల్లాజీ వెయ్యలేదు. ఎవరో వేశారు.

ఎల్లాజీకి ఈమధ్య ఒక చెడ్డ అలవాటైంది. ఫొటో, పేరు, తేదీ తీసుకున్నాక "ఎలగ పోనాడు?" అని అడుగుతున్నాడు. కొందరు చెబుతారు, చెబుతూ ఏడుస్తారు. చాలామంది పక్క సందులో ఉన్న దుకాణానికి పోతారు. "నోరు మూసుకుని పని సెయ్యరాదా," అంటుంది ఈశ్వరి. ఆమె కూడా ఇప్పుడు ప్రింటు తీసేముందు మొహం చూస్తోంది.

ర్యాలీలో ఉమాశంకర్ సొంత కాళ్లతోనే పరిగెత్తాడు. ముందు గుంపు వెళ్లిపోయింది, వెనక గుంపులో మిగిలాడు, టైమైపోయి అడ్డంగా తాడు కట్టేశాక గీత దాటాడు. వాంతి చేసుకుని గడ్డి మీద వెల్లకిలా పడుకున్నాడు. వెంట వెళ్లిన ఎల్లాజీ పక్కన కూర్చుని వాడి పొట్ట లేవడం, దిగడం చూస్తూ ఉండిపోయాడు. బస్సులో వాడు మావ భుజం మీద తలపెట్టి, ఊరొచ్చేదాకా, నోరు తెరుచుకుని, గురక పెట్టి నిద్రపోయాడు.

ఇంటికొస్తే లక్ష్మణమ్మ ఫలితం అడగలేదు. మొహం చూస్తే తెలిసిపోయింది. "నీళ్లు కాగినాయి, పోసుకో. కూడెడతాను," అంది.

లోపలినుంచి చెంబు చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆగింది.

"అమ్మా, ఇంక ఇది తీసీరాదా?"

"ఉండనీ."

"మావా, ఎన్నాళ్లుంటాది ఈ రంగు?"

పెరట్లో నులకమంచం మీద కూర్చున్న ఎల్లాజీ వృత్తి ధర్మంగా ఆలోచించాడు. మంచి ఇంకు వాడాడు, ఈశ్వరి పని నిక్కచ్చి, ఎండ తగలని చోటు.

"నీ పెళ్లికి ఇదే పనికొస్తాది," అన్నాడు. "పైన రెండు ముక్కలు మారిస్తే సాలు."